పెంకు కొనేవాడు ముందు వాసం కొంటాడు

మీకు లెక్కలు రావు. ఈ పత్రిక చదివే మీకే చెబుతున్నాను. కూడికలు వచ్చు, శాతాలు వచ్చు, ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి కాబట్టి గళ్లలో అంకెలు నింపి రంగుల గీతలు గీయడం కూడా వచ్చు. లెక్క మాత్రం రాదు. సంఘాలు నడుపుతారు, సొసైటీలు నడుపుతారు, ఏటా బడ్జెట్లు వేస్తారు. నిరుటి అంకెకు కొంత కలిపి ఈ ఏటి అంకె అంటారు. సభలో చప్పట్లు కొట్టించుకుని ఇంటికి పోతారు. ఆ నిరుటి అంకె అసలు అంత ఎందుకుందని ఒక్కరూ అడగరు. నాకూ లెక్కలు రావు. రావని తెలుసు, అంతవరకే మీకంటే నయం. నాకా సంగతి తెలిసేలా చేసిన మనిషి పోయిన మంగళవారం చనిపోయారు.

రూతమ్మ ఫోన్ చేసింది. "గుమాస్తా గారు పోయారండి. పొద్దున్నే కాఫీ తాగి కుర్చీలో కూచున్నోరు కూచున్నట్టే పోయారంట. మీరొత్తారా?" అంది.

ఆ 'మీరొత్తారా'లో ఒక అనుమానం ఉంది. అనుమానించే హక్కు ఆవిడకుంది. వెళ్లాను. గోదారి గట్టున పట్టుమని పదిహేను మందిమి లేము. ఉన్నవాళ్లలో సగం మంది మా పాత పెంకుల ఫ్యాక్టరీ వాళ్లే. నన్ను చూసి తలూపారు గానీ ఎవరూ పలకరించలేదు.

ఆయన ఆ ఫ్యాక్టరీలో గుమాస్తా. నేను సెక్రటరీని. రాజమండ్రికి దిగువన కాలవ గట్టు మీద ఉండేది ఫ్యాక్టరీ. యజమాని నష్టమని తాళం వేసి పోతే, అందులో పనిచేసే డెబ్బై కుటుంబాల వాళ్లు సొసైటీగా ఏర్పడి, పోరాడి, ఆ బట్టీని మళ్లీ వెలిగించారు. ఆ రోజుల్లో మన వాళ్లంతా దాని గురించి వ్యాసాలు రాశారు. నేనే నాలుగు రాశాను. అది మూతపడ్డప్పుడు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నేనూ రాయలేదు. పెద్ద పెద్ద వాటి మీద రాసి రాసి అలిసిపోయాను. ఇప్పుడు ఈ చిన్నదాని గురించి రాస్తున్నాను.

గుమాస్తా గారు యజమాని కాలం నుంచీ ఉన్న మనిషి. సొసైటీ ఏర్పడగానే ఆయన్ని తీసేయాలన్నది నేనే. పాత యజమాని మనిషి, మన రహస్యాలు మోస్తాడన్నాను. అప్పుడు అడ్డుపడింది రూతమ్మే. పచ్చి పెంకులు ఆరబెట్టే ఆడవాళ్ల జట్టుకు ఆవిడ పెద్ద. "ఆయన్ని తీసేత్తే మట్టెక్కడ దొరుకుద్దో, ఊకెక్కడ సౌకో ఎవరు సెప్తారండీ? మీరా?" అంది. నాకు తెలియదు కాబట్టి ఆయన ఉండిపోయారు.

ఆఫీసుకు నేరుగా వచ్చే అలవాటు ఆయనకు లేదు. ముందు పెరటి నిండా తిరిగేవారు. ఆరిన పెంకును వేలితో కొట్టి చప్పుడు వినేవారు. ఆ తర్వాత సైకిలు మీద ఊళ్లోకి పోయి, ఎక్కడెక్కడో తిరిగి, పదకొండింటికి వచ్చి కుర్చీలో కూచునేవారు. రాసుకోవడానికి కొత్త కాగితం తీసేవారు కాదు. వచ్చిన శుభలేఖలన్నీ దాచి, వాటి వెనక ఖాళీ వైపు రాసేవారు. సొసైటీ భవిష్యత్తు మీద ఆయన వేసిన అంచనాలన్నీ ఎవరెవరివో లగ్నాల వెనక ఉన్నాయి.

ఎవరైనా ఒక అంకె చెబితే ఆయన కలం కింద పెట్టి, కళ్లజోడు తీసి, "ఎందుకంటారూ?" అనేవారు. అమ్మకాలు పెరిగాయంటే ఎందుకంటారూ. బట్టీలో కాల్చే ఊక ఖర్చు తగ్గిందంటే ఎందుకంటారూ. తగ్గితే మంచిదే కదా, దానికీ ప్రశ్నేనా అని నాకు ఒళ్లు మండేది. "మీరు గుమాస్తాయా, ప్లీడరా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"ప్లీడరుకి జవాబు ముందే తెలుసండి. నేను తెలవక అడుగుతున్నాను," అన్నారాయన.

వారానికొకసారి ఆయన కలప డిపోకు వెళ్లేవారు. పెంకుల ఫ్యాక్టరీ గుమాస్తాకు కలప డిపోలో పనేంటని ఒక రోజు నా స్కూటరు మీద ఎక్కించుకుని వెంట వెళ్లాను. లోపలికి పోయి, బెంచీ మీద కూచుని, డిపో ఆయనతో వానలూ వరి ధరలూ మాట్లాడి, లేవబోతూ అడిగారు: "వాసాలు ఎలా పోతున్నాయండి?"

"ఎక్కడండీ బాబూ," అన్నాడు డిపో ఆయన. "ఈ నెల్లో రెండిళ్లకి పోయినాయి. వచ్చినోళ్లంతా శ్లాబు పోతకి సెంట్రింగు చెక్కలే అడుగుతున్నారు. వాసాలకి చెద పట్టేలా ఉంది."

గుమాస్తా గారు శుభలేఖ తీసి వెనక ఏదో గీసుకున్నారు. అంతే పని. దారిలో నేను ఉండబట్టలేక, "వాళ్ల చెక్కలకీ మన పెంకులకీ సంబంధం ఏంటండీ?" అన్నాను.

"పెంకు కొనేవాడు ముందు వాసం కొంటాడండి సెక్రటరీ గారూ. వాసం ఎత్తేవాడే లేకపోతే మన పెంకు ఎక్కి కూచోటానికి చోటేదీ?"

విన్నాను. నవ్వాను కూడా. ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. నా దగ్గరున్న పద్దుల పుస్తకంలో వాసానికి వరస లేదు.

ఆ తర్వాత కార్తీకంలో తుఫాను వచ్చింది. డెల్టాలో ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి. రెండో రోజు నుంచీ మా గేటు ముందు బళ్లు, ట్రాక్టర్లు, లారీలు. బట్టీ చల్లారనిచ్చేవాళ్లం కాదు. ఆ ఏడాది అమ్మిన పెంకులు అంతకుముందు ఏటికి మూడింతలు. "ఊళ్లు ఏడుస్తుంటే మన గేటు నవ్వుతోందండి," అని గుమాస్తా గారు ఇబ్బందిగా అన్నారు. అంటూనే ఇంకో పని చేశారు. కొనడానికొచ్చిన ప్రతి మనిషినీ, లైను ఎంత పొడుగున్నా, "కొత్త ఇల్లాండీ? ఎగిరిపోయిన చోట కప్పుకోటానికా?" అని అడిగేవారు. కొత్త ఇల్లంటే బిల్లు మూల సున్నా చుట్టేవారు. అతుకంటే అడ్డగీత. వెనకున్న వాళ్లు, "ముందు పెంకులియ్యండి గుమాస్తా గారూ, మా ఇంటి కథ తరవాత సెప్తాం," అని కసిరేవాళ్లు. నేనూ కసిరాను.

ఆ డబ్బుతోనే రాజమండ్రి నుంచి ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చాను. అంతకుముందే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలలు నేర్చుకున్నాను. ఒక గడిలో అంకె మారిస్తే కింద వరసలన్నీ తమంతట తామే మారిపోతుంటే ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లూ శాస్త్రీయ ప్రణాళిక అని ఉపన్యాసాల్లో చెప్పింది ఇదే అనుకున్నాను. తుఫాను ఏడాది అమ్మకాన్ని మొదటి గడిలో పెట్టాను. ఏటా పది శాతం పెంచాను. అయిదేళ్లు లాగాను. ఆ లెక్కన ఉన్న బట్టీ చాలదు, రెండోది కట్టాలి, దానికి బ్యాంకు అప్పు తేవాలి. అయిదో ఏటికి అప్పు తీరిపోయి, ప్రతి కుటుంబానికీ రెట్టింపు ఆదాయం. తెర మీద అంతా ఉంది.

గుమాస్తా గారు నా కుర్చీ వెనక చాలాసేపు నిలబడి చూశారు. తర్వాత వంగి ఒక గడి మీద వేలు పెట్టారు.

"ఈ పది ఎక్కడిదండీ?"

"పెరుగుదల," అన్నాను.

"అదేనండి. ఎక్కడ పెరుగుతోందీ?"

"గవర్నమెంటు ఇళ్ల పథకాలు లేవా?"

"అవన్నీ డాబాలు కదండీ."

"అబ్బ, మీరు వెళ్లి టీ తాగి రండి గుమాస్తా గారూ."

వెళ్లారు. టీ తాగి మళ్లీ వచ్చారు. అప్పటికి నేను గీత గీసే పనిలో ఉన్నాను. ఆకుపచ్చ రంగు గీత.

సర్వసభ్య సమావేశం ఆరబెట్టే షెడ్డులో పెట్టాం. గోడ మీద నా గీతల కాగితాలు అతికించాను. బ్యాంకు ఆఫీసరు ముందే చూసి బాగుందన్నాడని కూడా చెప్పాను. నేను కూచున్నాక గుమాస్తా గారు శుభలేఖ చేత్తో పట్టుకుని లేచారు. ఆయన జీతగాడు, సభ్యుడు కాదు, ఓటు లేదు. అయినా లేచారు.

"ఈ ఏడు అమ్మిన పెంకుల్లో చాలా మటుకు అతుకులకి పోయినవేనండి. రెండొందలూ మూడొందలూ పట్టుకెళ్లిన వాళ్లే ఎక్కువ. అతికించుకున్నవాడు మళ్లీ ఇరవయ్యేళ్లదాకా మన గేటుకి రాడు. కొత్త ఇంటికి వేలల్లో తీసుకెళ్లినవాళ్లు నిరుటికంటే తక్కువ. నిరుడు అంతకుముందు ఏటికంటే తక్కువ. మొత్తం చూస్తే పెరిగింది, విడదీస్తే తరిగిపోతోంది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువంటారు కదండీ. రెండో బట్టీ వద్దు. ఉన్న బట్టీలో ఇటుకలు కాలుద్దాం. డాబా కట్టేవాడికి పెంకు అక్కర్లేదు గానీ ఇటుక కావాలి."

ఇటుక అనగానే మిషన్ మీద పెంకు అచ్చులు దించే మగవాళ్లు భగ్గుమన్నారు. మీకిది అర్థం కావాలంటే మా వైపు సంగతి చెప్పాలి. పెంకుల మిషన్ మీద పనంటే నలుగురిలో మర్యాద. పెళ్లిచూపుల్లో ఆ ముక్క ముందు చెప్పుకునేవాళ్లు. ఇటుకల పనంటే గోదారి మధ్య లంకల్లో గుడిసెలేసుకుని బురద తొక్కే వలస కూలీల పని. మట్టి ఒకటే, కాల్చే నిప్పు ఒకటే. కానీ పెంకులోడు ఇటుకలోడి ఇంట్లో మంచినీళ్లు కూడా ఆలోచించి తాగేవాడు.

"మేం పెంకులోళ్లమండి. ఆ బురద తొక్కుడు మావల్ల కాదు," అని ఒకడు లేచి అరిచాడు. "యజమాని దగ్గరే తొక్కలేదు, మా సొంత సొసైటీలో తొక్కుతామా?"

అభ్యుదయవాదిని నేను. ఏ పనీ తక్కువ కాదని ఊరూరా చెప్పేవాణ్ని. ఆ రోజు ఆ మాట చెప్పాల్సిన చోట చెప్పలేదు. "ఇది కార్మికుల నైపుణ్యాన్ని కించపరిచే ప్రతిపాదన," అన్నాను. చప్పట్లు. ఆ ఊపులో ఇంకొకటి అన్నాను: "గుమాస్తా గారికి కంప్యూటరంటే కాస్త భయమండి. పాపం, శుభలేఖల వెనకాల బడ్జెట్లు వేస్తారు. ఆ పెళ్లిళ్లయినా నిలిచాయో లేదో!"

షెడ్డంతా గొల్లుమంది. గుమాస్తా గారు కూడా కొంచెం నవ్వి, శుభలేఖ జేబులో పెట్టుకుని కూచున్నారు.

రూతమ్మ లేచింది. "నవ్వింది చాల్లెండి. ఆయనడిగినదానికి జవాబు సెప్పండి ముందు. ఈ పెంకులన్నీ ఎవరు కొంటారు?"

"గీత పైకి పోతోంది చూడమ్మా," అన్నాను.

"పోద్దండి. మీరు గీసినాక పోదా మరి?"

మళ్లీ నవ్వారు, ఈసారి కొంచెం తక్కువగా. ఓటింగు పెట్టాను. చేతులు లేచాయి. రూతమ్మ చెయ్యి లేవలేదు.

తర్వాతి సంగతి ఊహించడానికి మీకు కంప్యూటర్ అక్కర్లేదు. రెండో బట్టీ కట్టాం. దాన్ని మొత్తం మీద నాలుగుసార్లు వెలిగించాం. పెంకులు పెరట్లో పేర్చాం, పెరడు నిండితే కాలవ గట్టు మీద పేర్చాం, వానకు వాటి మీద పాచి పట్టింది. నేను పది శాతాన్ని ఏడు చేశాను. ఏడును అయిదు చేశాను. తెర మీద ఫ్యాక్టరీ బతికే ఉండేది. గేటు దగ్గర మాత్రం ఒక్క బండి లేదు. మూడో ఏడు బ్యాంకు వాళ్లు వచ్చారు. పెంకుల మిషన్‌ను పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. మేం పెంకులోళ్లమని అరిచిన మనిషి ఇప్పుడు లంకలో ఎవరిదో ఇటుకల బట్టీ దగ్గర రోజు కూలికి బురద తొక్కుతున్నాడు. రూతమ్మ రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తోంది. వేళ్లు ముడుచుకుపోయాయి. మొన్న గట్టు మీద చూశాను.

గుమాస్తా గారు 'నేను చెప్పలేదూ' అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది, దెబ్బలాడేవాణ్ని.

దానికి బదులు ఆయన చేసింది ఇదీ. తాళం పడేముందు బ్యాంకు ఆఫీసరు చుట్టూ వారం రోజులు తిరిగారు. అంచు విరిగిన పెంకులకు వేలంలో ధర రాదు, వాటిని తీయించడానికి మీకే ఖర్చవుతుందని ఒప్పించి, వాటిని సభ్యులకు ఇప్పించారు. అన్నేళ్లు పెంకులు చేసిన వాళ్లలో చాలామంది తాటాకు ఇళ్లలోనే ఉండేవాళ్లు, మీరూ నేనూ ఆ సంగతి వ్యాసాల్లో రాయలేదు. వాసాలు కొనే స్తోమత ఎవరికీ లేదు. ఆయన సముద్రం వైపు పోయి, వాసాలుగా వేసుకోవడానికి సన్నటి సరుగుడు బాదులు బేరమాడి తెచ్చారు. అన్నీ ఒకేసారి రావు, ముందెవరికివ్వాలన్నది సమస్య. నేను బాధ్యతగా సభ్యుల పేర్లు అక్షరక్రమంలో అచ్చుతీసి ఇచ్చాను. ఆయన చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"వర్షం అక్షరాల వరస చూసి రాదండి సెక్రటరీ గారూ."

ఇంటింటికీ పోయి, "తాటాకు ఎప్పుడు మార్చారమ్మా? ఏ మూల కారుతోందీ? ఇంట్లో పురుడేమైనా ఉందా?" అని అడిగి వరస రాసుకున్నారు. ఆ వానాకాలంలో ఆ వరసను తప్పుపట్టినవాళ్లు లేరు. నేను చూసిన బడ్జెట్లన్నిటిలోకీ అదొక్కటే సరైనది. అది కూడా శుభలేఖ వెనకే ఉంది.

రెండేళ్ల కిందట ఆయన ఇంటికి వెళ్లాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుదామని వెళ్లాను. ఆ పది శాతం ఎక్కడిదో. అది ఇన్‌స్టిట్యూట్ వాళ్లిచ్చిన అభ్యాసాల పుస్తకంలోది. ఏదో సబ్బుల కంపెనీ ఉదాహరణలో ఏటా పది శాతం పెరుగుదల అని ఉంటే, ఆ గడి అలాగే ఉంచి, సబ్బులు తీసి పెంకులు పెట్టాను. డెబ్బై కుటుంబాల బతుకు ఆ గడి మీద కట్టాను.

చెప్పాను. ఆయన కళ్లజోడు తీయలేదు. "తెలుసండి," అన్నారు. "మొదటి పాఠంలోనే ఉంది కదా, పది."

ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది, అరవై దాటిన వయసులో, ఆయన సైకిలు మీద వెళ్లి అదే ఇన్‌స్టిట్యూట్‌లో చేరారట. కంప్యూటరంటే భయమన్నాను కదా, ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామని.

"మరి నన్ను అడగలేదేం?"

"అప్పటికి బట్టీ కట్టేశాం, పోగొట్టేశాం. ఇంకెందుకండీ?" అన్నారు. "మిషన్ తప్పేం లేదండి. నాకు భలే నచ్చింది. నేను రోజంతా చేసే గుణకారం చిటికెలో చేస్తోంది. అయితే దానికి గుణించడమే వచ్చు, అడగడం రాదు. అడిగే పని మనది. మనం అది కూడా దాని నెత్తిన పడేసి టీకి పోయాం."

'మీరు పోయారు' అనలేదు. మనం అన్నారు. ఆ రోజు టీకి పోయింది ఆయన, పంపింది నేను.

నేను యంత్రాలకు వ్యతిరేకినని ఉత్తరాలు రాయకండి, చదివే ఓపిక లేదు. ఇది కూడా కంప్యూటర్ మీదే కొట్టాను. రావులపాలెంలో అరటి రైతుల సంఘం పెడుతున్నామని, ప్రణాళిక చూసిపెట్టమని మొన్న ఒక మిత్రుడు కాగితాలు పంపాడు. నాలుగు రంగుల్లో ఉంది. గెల ధర ఏటా పెరుగుతూనే ఉంది. ఎక్కడా ఒక్క గాలి వీయలేదు, ఒక్క లారీ ఆగలేదు. 'ఎందుకంటారూ' అని రాసి తిప్పి పంపాను. అతనికి కోపం వచ్చిందట.

అందుకని, సంఘాలూ సొసైటీలూ నడిపే మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి:

బడ్జెట్లో వేసిన ప్రతి శాతం పక్కన, అది ఎవరు వేశారో, ఏం చూసి వేశారో తెలుగులో రాయండి.

విపత్తు వచ్చిన ఏడాదిని మామూలు ఏడాదిగా తీసుకుని దాని మీద ఏదీ కట్టకండి.

మొత్తాలు చూసి లేచిపోకండి. కొన్ని బిల్లులైనా విప్పి చదవండి. కొన్న మనుషుల్లో కొందరి ఇళ్లకైనా వెళ్లండి.

అప్పు తెచ్చే తీర్మానంతో పాటు, వద్దన్నవాళ్ల మాటను కూడా అచ్చువేసి సభ్యులందరికీ పంచండి.

ఓటు లేని జీతగాళ్లకు సభలో మాట్లాడే సమయం ఇవ్వండి. వాళ్ల మీద జోకులు వేయకండి.

ఏ పని ఎక్కువ, ఏ పని తక్కువ అనే మాట మన వాళ్ల నోట వస్తే అక్కడే ఆపండి. దాన్ని వాడుకోకండి.

మూతపడ్డ సొసైటీల గురించి కూడా వ్యాసాలు రాయండి.

ఇకమీదట మా వైపు ఏ సంఘం బడ్జెట్ సభ పెట్టుకున్నా రూతమ్మను పిలవండి. రొయ్యల షెడ్డులో పోయే ఆ రోజు కూలి ఆవిడకు ముందే ఇచ్చి పిలవండి. మొదటి వరసలో కుర్చీ వేయండి. ఆవిడ లేచి అడిగి, జవాబు విని, మళ్లీ కూచునేదాకా ఓటింగు పెట్టకండి.